అరసున్నతో ఫ్రెంచి

జూన్ నెలంతా నాకు ఒకటే ప్రశ్న. "ఫ్రెంచి తీసుకుంటే మార్కులు బాగా పడతాయంట కదా మేడం?" అడ్మిషన్ బల్లకు అవతల కూర్చున్న తండ్రి అడుగుతాడు. పక్కన కొడుకో కూతురో ఫోన్లో తల దూర్చి ఉంటారు. పడతాయనే చెబుతాను. అబద్ధం చెప్పి ఏం లాభం? నేనూ ఆ దారినే వచ్చినదాన్ని.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌కి హైదరాబాదులో హాస్టల్లో వేశారు, ఎంపీసీ. రెండో భాష తెలుగు రాసుకుంటానంటే ఫారం నింపుతున్న గుమాస్తా నవ్వాడు. "తెలుగైతే ఎనభై దాటవమ్మా. సంస్కృతమో ఫ్రెంచో రాయి" అన్నాడు. సంస్కృతం సెక్షన్ అప్పటికే నిండిపోయింది. అలా నాకు ఫ్రెంచి దక్కింది. వారానికి రెండు క్లాసులు, ఒక గైడు, అందులోని అనువాదాలన్నీ బట్టీ. వందకి 97 వచ్చాయి. ఆ మార్కుల కాగితం చేతిలో ఉండగా ఫ్రెంచివాడెవడైనా ఎదురుపడి కాఫీ తాగుతావా అని అడిగి ఉంటే అవునో కాదో చెప్పడం కూడా నాకు వచ్చేది కాదు.

ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. వచ్చిన ఆ 97 మాత్రం బుర్రలో గుచ్చుకుంటూనే ఉంది. తార్నాక దగ్గర ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి బీఏ ఉందని హాస్టల్ స్నేహితురాలు చెబితే పరీక్ష రాశాను. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ అది. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. సీటొచ్చిందని ఊరికి ఫోన్ చేస్తే నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అది చదివితే ఏమవుతారు పాపా?" అన్నాడు. నాకూ తెలియదు. "ఫ్రెంచి వస్తుంది నాయనా" అన్నాను.

మొదటి వారంలో మా మేడం బోర్డు మీద నాలుగు మాటలు రాశారు. తెలుగులో చెప్పాలంటే 'ఒక మంచి తెల్ల ద్రాక్షసారా'. ఫ్రెంచి నేర్పే ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు రాసేదే. ఆ నాలుగు మాటల్లో నాలుగు రకాల ముక్కు అచ్చులుంటాయి. క్లాసంతా వరసగా "అన్ బాన్ విన్ బ్లాంక్" అన్నాం. మేడం బెంగాలీ ఆవిడ. ఓపికగా చెప్పారు. 'న్' వినపడకూడదు, నాలుక పైకి లేవకూడదు, గాలి మాత్రం ముక్కులోంచి కూడా పోవాలి. ఎవరికీ రాలేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు అసలే రాలేదు. వాళ్ళ కళ్ళకు 'ఎన్' అనే అక్షరం కనబడుతుంటే నోరు ఊరుకోదు కదా.

ఆ రాత్రి మా ఊరి తెలుగు అయ్యవారు గుర్తొచ్చారు. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన పాత పుస్తకాలుండేవి. వాటిలో 'వాఁడు', 'ఏనుఁగు' అని అచ్చయి ఉండేది. మధ్యలో ఆ అరవంక ఏమిటని అడిగితే, "అది అరసున్న. నిండుసున్న కాదు. 'న్' అనకుండా అచ్చునే ముక్కుతో పట్టుకోవాలి. మన నోళ్ళలోంచి పోయింది, పుస్తకాల్లో మిగిలింది" అని పలికి వినిపించారు. మేమందరం నవ్వాం. హాస్టల్ గదిలో నోటుబుక్కు తీసి తెలుగులో రాసుకున్నాను: అఁ బొఁ వేఁ బ్లాఁ. పొద్దున్నే క్లాసులో చదివాను. మేడం ఇంకోసారి అనమన్నారు. మళ్ళీ ఇంకోసారి. "ఎవరు నేర్పారు?" అని అడిగారు. నాకొచ్చిన ఇంగ్లీషులో అరసున్న గురించి ఎలా చెప్పాలో తెలియక "మా ఊళ్ళో సార్" అన్నాను.

ఇప్పుడు నేను పాఠం మొదలుపెట్టేది అరసున్నతోనే. బొఁజూర్. ఆ ఒక్క గుర్తు తెలిస్తే మూడు వారాల తంటా మూడు రోజుల్లో తీరుతుంది. 'తు' అనే మాటలోని అచ్చు మాత్రం మనకు లేదు. 'ఊ' అన్నట్టు పెదాలు సున్నాలా చుట్టి, వాటిని కదపకుండా 'ఈ' అనాలి. పిల్లలు అద్దం ముందు సాధన చేస్తారు. ఇంట్లోవాళ్ళు భయపడతారు. కానీ తప్పదు. 'పైన', 'కింద' అనే రెండు ఫ్రెంచి మాటలకు మధ్య తేడా అంతా ఆ ఒక్క అచ్చులోనే ఉంది. పుస్తకం బల్ల పైనుందో బల్ల కిందుందో పెదాలే చెప్పాలి.

ఇక సంధులు. ఇంగ్లీషులోంచి ఫ్రెంచికి వచ్చిన పిల్లలకు ఇది పెద్ద అడవి. తెలుగు వ్యాకరణం కొంచెం గుర్తున్నవాళ్ళకు పెరటి తోట. 'ల' తర్వాత 'అమి' వస్తే ఫ్రెంచిలో 'లమి' అవుతుంది. ముందున్న అచ్చు ఎగిరిపోతుంది. రాముడు, ఇతడు కలిసి రాముడితడు అయినట్టే. ఇంకా చిత్రమైనది 'త'. 'అతనికి ఉందా?' అని అడగాలంటే క్రియ 'ఆ', సర్వనామం 'ఇల్'. రెండచ్చులు గుద్దుకుంటున్నాయని ఫ్రెంచివాళ్ళు మధ్యలో ఎక్కడా లేని ఒక 'త్' తెచ్చి పెట్టి 'ఆతిల్' అంటారు. చిగురుకీ ఆకుకీ మధ్య మనం 'ట' తెచ్చి 'చిగురుటాకు' అనలేదూ? ఎనిమిదో తరగతిలో టుగాగమ సంధి అని బట్టీ పట్టిందే. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీలో ఎవరో ఒకరు "అంటే వాళ్ళకీ చిన్నయసూరి ఉన్నాడా మేడం?" అంటారు. ఉన్నాడనే చెప్పాలి. 1635లో రాజుగారి మంత్రి రిషెల్యూ భాష కోసం ఏకంగా ఒక అకాడమీయే పెట్టాడు. నలభైమంది సభ్యులు. వాళ్ళను 'అమరులు' అంటారు. ఆ అమరుల్లో ఒక ఆడమనిషికి చోటు దొరకడానికి 1980 దాకా పట్టింది. ఆవిడ మార్గరీత్ యూర్సెనార్.

ఆడమనిషి అన్నాను కనుక లింగాల సంగతి కూడా చెప్పేస్తాను. ఫ్రెంచిలో బల్ల ఆడది, పుస్తకం మగది. కుర్చీ ఆడది, మంచం మగది. మీసం, గడ్డం రెండూ ఆడవే! "ఇదేం భాష మేడం, గడ్డం స్త్రీలింగమా?" అని పిల్లలు పొర్లి పొర్లి నవ్వుతారు. నవ్వనిచ్చి, బోర్డు మీద మూడు వాక్యాలు రాస్తాను. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. మీ అమ్మ వచ్చింది. నవ్వు ఆగిపోతుంది. మన క్రియకు అమ్మా బస్సూ ఒకటే. వేరొక భాష చదివితే తప్ప మనకది కనబడదు. అయితే బహువచనంలో మనమే నయం. ఆడవాళ్ళు వచ్చినా మగవాళ్ళు వచ్చినా 'వాళ్ళు వచ్చారు' అంటాం. ఫ్రెంచిలో వందమంది ఆడవాళ్ళలో ఒక్క మగాడు నిలబడితే చాలు, వ్యాకరణం ఆ వందమందినీ మగవాళ్ళ లెక్కలో వేసేస్తుంది. దీని మీద అక్కడ పెద్ద గొడవలే నడుస్తున్నాయి.

రెండో ఏడు నుంచి సాహిత్యం. ఇక్కడే నాకు అసలు దెబ్బ తగిలింది. మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. కవి పరిచయం, సందర్భం, భావం, విశేషం. పాఠ్యం చదవకపోయినా సగం మార్కులు తెచ్చుకోవచ్చు. ఫ్రెంచి పద్ధతిలో ఒక్క పేజీ చేతికిస్తారు. రచయిత ఎంత గొప్పవాడో ఎవరికీ అక్కర్లేదు. ఈ మాట ఎన్నిసార్లు వచ్చింది, ఈ వాక్యం ఎందుకిక్కడ తెగింది, ఇక్కడ కాలం ఎందుకు మారింది, అంతవరకే. నా మొదటి వ్యాసానికి ఆ ఏడు పాఠం చెప్పడానికి వచ్చిన ఫ్రెంచి ఆవిడ ఇరవైకి పదకొండు వేశారు. కింద ఎర్ర సిరాతో 'పా మాల్' అని రాశారు. నిఘంటువు చూస్తే 'చెడ్డగా లేదు' అని ఉంది. 97 మార్కుల పిల్లను కదా, ఆ రాత్రి ఏడ్చాను. అక్కడ పన్నెండొస్తే పండగనీ, ఇరవైకి ఇరవై దేవుడికి కూడా వేయరనీ, 'పా మాల్' అంటే మెచ్చుకోవడమేననీ తర్వాత తెలిసింది. వేరుశనగ పంట ఎంత బాగా పండినా మా నాయన నోటివెంట వచ్చే మాట "పర్లేదు". అచ్చంగా అదే.

కామూ నవల 'పరాయివాడు' మూడో ఏడు పాఠం. 1942లో వచ్చింది. పిల్లలందరూ అందులో ఎండ గురించీ హత్య గురించీ మాట్లాడతారు. నాకు మాత్రం క్రియలు తగిలాయి. ఫ్రెంచిలో జరిగిపోయినదాన్ని చెప్పడానికి రెండు రూపాలున్నాయి. ఒకటి నోటితో మాట్లాడేది, ఒకటి పుస్తకాల్లో మాత్రమే బతికేది. మన గ్రాంథికం, వ్యావహారికం లాంటి తేడా. నవల అంటే పుస్తకం రూపంలోనే రాయాలన్న అలవాటును పక్కనపెట్టి, కామూ కథానాయకుడి చేత దాదాపు నవలంతా మాట్లాడే రూపంలో చెప్పించాడు. పక్కింటివాడు అరుగు మీద కూర్చుని చెప్పినట్టుంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా దేనికోసం కొట్లాడారో తెలిసినవాళ్ళకు ఆ క్రియల్లో ఏముందో వివరించక్కర్లేదు.

నన్ను ఈ చదువులో కట్టిపడేసింది మాత్రం ఒక తాబేలు.

లా ఫొఁతేన్ 1621లో పుట్టాడు. మన వేమన పద్యాల్లాగే, అక్కడ ప్రతి పిల్లాడికీ ఆయన పద్యకథలు రెండు మూడైనా నోటికొస్తాయి. 1668లో మొదటి సంపుటం వేశాడు. అందులో ఎక్కువగా గ్రీకు ఈసపు కథలు. 1678లో రెండో సంపుటం వేస్తూ ముందుమాటలో ఒక మాట ఒప్పుకున్నాడు, వీటిలో ఎక్కువ భాగం భారతదేశపు జ్ఞాని పిల్పేకి రుణపడ్డానని. పిల్పే అంటే మరెవరో కాదు, మన పంచతంత్రం పోయి పోయి అలా తేలింది. సంస్కృతం నుంచి పహ్లవీకి, అక్కణ్ణుంచి ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీకి, తర్వాత పారశీకానికి, 1644లో ఫ్రెంచికి. తార్నాకలో లా ఫొఁతేన్ పుస్తకం తెరిచేసరికి పదో భాగంలో రెండో కథ, తాబేలూ రెండు బాతులూ.

నాకు నవ్వొచ్చింది. మా అవ్వ చెప్పిన కథే! కర్రకు అటొక హంస, ఇటొక హంస, మధ్యలో నోటితో కర్ర కరుచుకున్న తాబేలు. నోరు తెరిచింది, కింద పడింది. తెలిసిన కథే కదా అని గబగబా చదివి వదిలేయబోయాను. మా ఫ్రెంచి టీచరు వదల్లేదు. "మీ కథలో తాబేలు ఎందుకు బయల్దేరింది?" అని అడిగారు.

పన్నెండేళ్ళు వానల్లేవు, చెరువు ఎండిపోయింది, అందుకని.

"మరి ఇక్కడ?"

మళ్ళీ చదివాను. ఇక్కడ చెరువు ఎండలేదు. కరువు లేదు. ఆ తాబేలుకు తన బొరియ విసుగెత్తింది, దేశం చూడాలనిపించింది. బాతులు దాన్ని అమెరికా తీసుకెళ్తామన్నాయి. రాజ్యాలు, గణతంత్రాలు, రకరకాల జనం, అన్నీ చూడొచ్చని ఆశపెట్టాయి. ఆకాశంలో పోతుంటే కింద జనం వింత చూడండి, తాబేళ్ళ రాణి పోతోందని అరిచారు. రాణినేనని ఒప్పుకోవడానికి అది నోరు తెరిచింది. ఫ్రెంచిలో తాబేలు స్త్రీలింగం కనుకనే ఆ రాణి అనే మాట అంత సులువుగా అమిరింది. మన కథలో ప్రాణం కాపాడుకోవడానికి పోతూ జనం గోల భరించలేక నోరు జారుతుంది. ఆయన కథలో షికారుకు పోతూ గొప్పకు పోయి చస్తుంది. కర్ర అదే, పడటం అదే. బయల్దేరిన కారణం ఒక్కటి మార్చేసరికి అది పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సు కథ అయిపోయింది. ఓడలెక్కి కొత్త ఖండాలకు పోతున్న కాలం మరి.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాయనకు ఈ కథ చెప్పాను. మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలుంటాయి. వానల్లేని ఏడు బెంగళూరు పోతారు, కేరళ పోతారు. నాయన మొత్తం విని, బీడీ ఆర్పి, "చెరువు నిండా నీళ్ళు పెట్టుకుని యాడికి పోతాదంట అది?" అన్నాడు. నేను రాసిన ఏ వ్యాసంలోనూ ఇంత మంచి వాక్యం లేదు. ఎంఏలో ఈ రెండు తాబేళ్ళ మీదే రాశాను. పదిహేను వచ్చాయి, ఇరవైకి.

ఎంఏ తర్వాత, 2013 అక్టోబరులో, ఫ్రాన్సులో బడిపిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే సహాయకురాలిగా ఏడు నెలలు వెళ్ళాను. వారానికి పన్నెండు గంటల పని. నన్ను వేసింది రేఁస్ ఊళ్ళో. ఫ్రెంచి రాజులకు పట్టాభిషేకం జరిగిన కెథడ్రల్ ఉన్న ఊరు. ఆ గుడి వాకిట్లో నవ్వే దేవదూత శిల్పం ఉంది. చలికి వణుకుతూ రోజూ దాని ముందునుంచే పోయేదాన్ని. అక్కడ నాకు కష్టమైంది చలి కాదు, 'నువ్వు'. ఫ్రెంచిలో 'తు' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. పుస్తకంలో ఇంత తేలికైన పాఠం ఇంకోటి లేదనుకున్నాను. స్టాఫ్ రూములో మొదటి రోజే యాభై ఎనిమిదేళ్ళ లెక్కల సారు, "మనం నువ్వనే అనుకుందాం" అన్నారు. దానికి వాళ్ళకు ప్రత్యేకంగా ఒక క్రియే ఉంది. మా సీమలో కన్నతండ్రిని నువ్వు అంటాం, "తిన్నావా నాయనా" అని. కానీ బయటి మనిషిని, నాన్న వయసున్నాయన్ను నువ్వనడానికి నోరు రాదు. ఆయనతో నెల రోజులు ఏ సర్వనామమూ లేకుండా మాట్లాడాను. అదొక విద్య. అత్తగారింట్లో కొత్తకోడళ్ళకు బాగా వస్తుంది.

రొట్టెల కొట్టు దగ్గర ఇంకో పాఠం. లోపలికి పోయి తిన్నగా ఒక బగెత్ కావాలన్నాను. మంచి ఫ్రెంచిలోనే. కొట్టావిడ కదల్లేదు. నా వంక చూసి, ఒత్తి పలుకుతూ "బొఁజూర్" అంది. అది పలకరింపు కాదు, గుర్తు చేయడం. ముందు మనిషిని పలకరించు, తర్వాత రొట్టె అడుగు. మన ఊళ్ళో బజ్జీల బండి దగ్గర ఎవరూ నమస్తే చెప్పరు, "నాలుగివ్వన్నా" అంటారు. అయితే ఆ 'అన్నా' ఉంది చూశారా, మన బొఁజూర్ అదే. వరస కలపడంతోనే పలకరింపు అయిపోతుంది.

ఒక ఫిబ్రవరి శనివారం రైలెక్కి షాతో తియెరీ పోయాను. పారిస్‌కీ రేఁస్‌కీ మధ్యలో మార్న్ నది ఒడ్డున చిన్న ఊరు. లా ఫొఁతేన్ పుట్టిన ఇల్లు అక్కడే, మ్యూజియం చేశారు. ఆ గదుల్లో నిలబడి మా అవ్వకు ఫోన్ చేయాలనిపించింది. అవ్వ దగ్గర ఫోనూ లేదు, అప్పటికి అవ్వా లేదు.

సరే, ఇదంతా చదివితే అన్నం పెడుతుందా? అడగాల్సిన ప్రశ్నే. మూడేళ్ళ బీఏ శ్రద్ధగా చేసినవాళ్ళు యూరోపు కొలతల్లో ఆరు మెట్లలో నాలుగోదైన బీ2 దాకా వస్తారు. దానికి దెల్ఫ్ అనే పరీక్ష ఉంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు. వందకి 50 వస్తే చాలు, కానీ ఏ ఒక్కదానిలోనూ 5కి తగ్గకూడదు. బట్టీ పట్టి మూడింట్లో లాక్కొచ్చినా నాలుగోది పట్టేస్తుంది. హైదరాబాదులో ఫ్రెంచి ఖాతాదారులున్న ఆఫీసులు, అనువాదాలు, బడుల్లో పాఠాలు, ఇవీ ఉద్యోగాలు. ఈ మధ్య సాయంత్రం బ్యాచ్ నిండా సాఫ్ట్‌వేర్ వాళ్ళే. కెనడా పీఆర్‌కి ఫ్రెంచి వస్తే పాయింట్లు కలుస్తాయని. వాళ్ళ చెరువులో నీళ్ళున్నాయో లేదో నేనడగను. ప్రపంచంలో ఈ భాష మాట్లాడేవాళ్ళు 30 కోట్లకు పైనే, వాళ్ళలో చాలామంది ఆఫ్రికాలో ఉన్నారు. నేను సెనెగల్, అల్జీరియా రచయితల్ని తప్పకుండా చెబుతాను. ఫ్రెంచి అంటే ఐఫిల్ టవర్ అనుకుని వచ్చినవాళ్ళు కొంచెం నిరాశపడతారు. పడనివ్వండి.

మొదటి ఏడు పిల్లల్ని ఒక ఆదివారం మూసారాంబాగ్ తీసుకెళ్తాను. అస్మాన్‌గఢ్ గుట్ట మీద, నిజాం కొలువులో సేనానిగా చేసి 1798లో పోయిన ఫ్రెంచివాడు రేమొఁ సమాధి ఉంది. 'మొస్యో రేమొఁ' జనం నోట్లో పడి మూసారాం అయిందంటారు. ఆ చివరి అరసున్నే మన నాలుక మీద నిండుసున్నగా కూర్చుందని నా ఊహ. పిల్లలు రోజూ బస్సులో ఫ్రెంచి మాట వింటూనే ఉన్నారన్నమాట. బందరులో పరాసుపేట కూడా అలాంటిదే. ఫ్రెంచివాళ్ళను మన పెద్దలు పరాసులు అనేవారు.

అసలైన ఫ్రెంచి ఊరు యానాం. 1723లో వచ్చి, మధ్యమధ్య ఇంగ్లీషువాళ్ళకు పోగొట్టుకుంటూ, 1954 దాకా ఉన్నారు. ఒప్పందం కాగితాల మీద ఖాయమైంది 1962లో. రెండేళ్ళ కింద ఆ ఊరి కుర్రాడొకడు నా క్లాసులో చేరాడు. మార్కుల కోసమా అని అడిగితే కాదన్నాడు. వాళ్ళ తాతగారు ఫ్రెంచి సైన్యంలో చేసి సైగాన్ దాకా వెళ్ళొచ్చారట. ఆయన పోయాక పింఛను మామ్మకు వస్తోంది. ఏడాదికోసారి ఫ్రాన్సు నుంచి ఉత్తరం వస్తుంది. చదివిపెట్టే ముసలాయన కాలం చేశాడు. "ఇంట్లో ఎవరో ఒకరికి రావాలి కదండీ" అన్నాడు.

మొన్నామధ్య ఆ ఉత్తరం ఫోటో తీయించుకుని స్టాఫ్ రూముకు తెచ్చాడు. నేను చదవనన్నాను, నువ్వే చదవమన్నాను. వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. 'సెర్తిఫికా దెగ్జిస్తాఁస్'.

"దెగ్జిస్తాఁస్ అనే మాట నిఘంటువులో లేదు మేడం."

"విడగొట్టు."

పెదాలు కదుపుకున్నాడు. "ద... ఎగ్జిస్తాఁస్. అచ్చు వచ్చింది కాబట్టి ముందుది ఎగిరిపోయింది." మొహం వెలిగింది. "ఉనికి. ఉన్నట్టు సర్టిఫికెట్. ఓ, లైఫ్ సర్టిఫికెట్టా!"

అక్కడికక్కడే యానాం ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "మామ్మా, నువ్వు బతికే ఉన్నావని రుజువు పంపమంటున్నారే. ఆఫీసరు చేత సంతకం పెట్టించాలంట."

"నేను బతికున్నానని ఆఫీసరుకేం తెలుసురా?" అంది అవతలి గొంతు. "నిన్న రాత్రి పులసకూర వండింది ఎవరంట? అది రాయి. ఫ్రెంచిలో రాయి."

"పులసకి ఫ్రెంచిలో ఏమంటారు మేడం?" అని వాడు నా వైపు తిరిగాడు.